సుల్తాన్ కూతురికి ఫిజిక్స్ పోయింది

అమ్మాన్ నగరంలో ఖాళీ గోడ కనబడితే చాలు, నౌఫల్ బొమ్మ అతికించి ఉంటుంది. చేతులు కట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నిలబడి ఉంటాడు. కింద పెద్ద అక్షరాల్లో "ఫిజిక్స్ సుల్తాన్" అని ఉంటుంది. తౌజీహీ పరీక్ష రాసే పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ట్యూషన్లు చెబుతున్నాడు. పన్నెండేళ్ల చదువు విలువ ఆ ఒక్క సర్కారీ పరీక్షతోనే తేలుతుంది. ఏడాదంతా బలాదూర్ తిరిగినవాణ్ణి కూడా ఆఖరి మూడు నెలల్లో రుద్ది రుద్ది గట్టెక్కించడం అతని విద్య. అందులో తనను మించినవాడు లేడని అతనే చెప్పుకుంటాడు. అది నిజమే, కాదనడానికి లేదు.

అంతటివాడు తన కూతుర్ని మాత్రం తౌజీహీకి పంపలేదు. ఆ పరీక్ష పిల్లల నిద్రని, తిండిని ఏం చేస్తుందో దగ్గరుండి చూసినవాడు మరి. సివార్‌ని తొమ్మిదో తరగతిలో అమెరికన్ చదువు చెప్పే ఇంటర్నేషనల్ స్కూల్లో చేర్చాడు. చేర్చాడే కానీ, ఇంట్లో తౌజీహీ పద్ధతే నడిపాడు. చేతికొచ్చిన విద్య కదా, ఎక్కడికి పోతుంది!

జూన్ నెల, సోమవారం, పొద్దున పది గంటలు. పై అంతస్తులో సివార్ పన్నెండో తరగతి ఫిజిక్స్ ఫైనల్ రాస్తోంది. కింద కౌన్సెలర్ గదిలో నౌఫల్ కూర్చుని ఉన్నాడు. ఒకసారి వచ్చి వెళ్ళమని తెల్లవారగానే ఫోను వచ్చింది. గురువారం గ్రాడ్యుయేషన్. ఫిజిక్స్‌లో ఫస్టు వచ్చే పిల్ల తండ్రి కాబట్టి వేదిక మీద రెండు మాటలు మాట్లాడమంటారేమోనని కొత్త కోటు తొడుక్కుని మరీ వచ్చాడు.

కౌన్సెలర్ మిస్ దాలియా అతని ముందు ఏలకుల కాఫీ పెట్టి, లేచి వెళ్ళి తలుపు మూసింది. ఆ తలుపు మూయడం అతనికి నచ్చలేదు.

"ఉస్తాద్, సివార్‌కి ఫిజిక్స్ పోయేలా ఉంది," అంది.

నౌఫల్‌కి నిజంగానే నవ్వొచ్చింది. "ఏ సివార్ అమ్మా? మీరు ఎవర్నో చూసి ఎవరో అనుకుంటున్నారు."

"మీ సివారే."

"మా పిల్లకి ఫిజిక్స్ పోవడమా! టెస్టుల్లో తొంభై ఏడుకి తక్కువ రావు దానికి."

"అవును. స్కూలు మొత్తమ్మీద తనకే ఎక్కువ. కానీ టెస్టులకి ఉన్నది ముప్ఫై మార్కులే. ఇవాళ్టి పరీక్షకి ఇరవై. మిగతా సగం ల్యాబులకీ హోంవర్కుకీ పోతుంది." ఆమె ఒక కాగితం అతని వైపు తిప్పింది. "మీరే వేసుకుని చూడండి."

అలవాటు కొద్దీ అతని చేతిలోకి పెన్ను వచ్చేసింది. ల్యాబులు పద్నాలుగు, చేసినవి రెండు. ముప్ఫైకి నాలుగు. హోంవర్కు ఇరవైకి మూడు. టెస్టులు ముప్ఫైకి ఇరవై తొమ్మిది. ఇవాళ నూటికి నూరు తెచ్చుకున్నా మరో ఇరవై. మొత్తం యాభై ఆరు. పాసవడానికి అరవై కావాలి. కింది నుంచి పైకి మరోసారి కూడాడు. యాభై ఆరే. పిల్లల లెక్కల్లో తప్పులు పట్టడమే బతుకుతెరువైనవాడికి ఆ కాగితంలో పట్టడానికి ఒక్క తప్పూ దొరకలేదు. పైన అమ్మాయి ఎంత బాగా రాస్తున్నా ఆ రాత దాన్ని గట్టెక్కించదు. అతను కాగితం పక్కకి తోశాడు.

"ఇదేం న్యాయమండీ? సబ్జెక్టు వచ్చా రాదా అని చూడాలి గానీ, ఈ చిల్లర పనులకి మార్కులేమిటి?"

"చిల్లర పనులు కావు, ఉస్తాద్. తూచడం, కొలవడం, తప్పొస్తే మళ్ళీ చేయడం, పక్కవాళ్ళతో కలిసి రాయడం, ఇవన్నీ ఇక్కడ ఫిజిక్సే. రోజూ కాస్త కాస్త మార్కులు పడుతుంటాయి. ఆఖరి రోజున కొత్తగా పడేది కొంచెమే."

"పోతే ఏమవుతుంది?"

"ఫిజిక్స్ క్రెడిట్ రాదు. ఆ క్రెడిట్ లేకపోతే పన్నెండో తరగతి డిప్లొమా ఇవ్వలేం. డిప్లొమా లేకపోతే ఇక్కడి యూనివర్సిటీ గేటు లోపలికే రానివ్వదు. మీకు తెలియంది కాదు."

అతనికి యూనివర్సిటీ కంటే ముందు ట్యూషన్ సెంటర్ల వీధి గుర్తొచ్చింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు గానీ, గుర్తొచ్చింది మాత్రం అదే. "సుల్తాన్ కూతురు ఫిజిక్స్ తప్పిందట!" ఎదురు సెంటర్ కెమిస్ట్రీ మాస్టరు ఈ ఒక్క ముక్కతో ఏడాది పొడవునా కడుపు నింపుకుంటాడు.

మిస్ దాలియా రెండో కాగితం తీసింది. సివార్ రాని ల్యాబుల తేదీలు అందులో ఉన్నాయి. పన్నెండూ మంగళవారాలే. నౌఫల్ ఆ తేదీల్ని చూశాక తల ఎత్తలేదు. మంగళవారం మధ్యాహ్నం అతని సెంటర్లో మెరికల్లాంటి పిల్లల బ్యాచి కూర్చుంటుంది. ఆ బ్యాచిలో కూర్చోబెట్టడానికి కూతుర్ని అన్నం గంట కాగానే గేటు దగ్గర కారెక్కించుకునేవాడు. "రంగు కాగితాలు అంటించే ఆ ల్యాబులు ఎవడిక్కావాలి తల్లీ, నా దగ్గర ఇరవై లెక్కలు చెయ్యి, ఫైనల్లో అన్నీ కడిగేద్దాం" అనేవాడు. పిల్ల రాలేదని స్కూలు నుంచి ఫోనుకి మెసేజీలు వచ్చేవి. ఎవరో స్థలాలు అమ్ముకునేవాళ్ళవి అన్నట్టు వాటిని చూడకుండానే చెరిపేశాడు.

"జబ్బు చేసి రాకపోతే ఆ ల్యాబు లెక్కలోంచి తీసేస్తాం," అంది మిస్ దాలియా. "ఊరికే రాకపోతే సున్నా."

నౌఫల్ బుర్ర మిగతా మనిషి కంటే వేగంగా పనిచేసింది. పన్నెండూ తీసేస్తే మిగిలినవి రెండు. ఆ రెంటిలోనూ పదికి తొమ్మిది. అంటే ముప్ఫైకి ఇరవై ఏడు. "డెబ్భై తొమ్మిది," అన్నాడు పైకే.

పెన్ను కింద పెట్టి ఆమె వైపు చూశాడు.

"ఇప్పుడు డాక్టరు కాగితం తెస్తే?"

మిస్ దాలియా ఒక ఫారం తీసి అతని ముందు పెట్టింది. "మార్కుల పుస్తకం రెండు గంటలకి మూసేస్తారు. ఆలోపు వచ్చిన కాగితం తీసుకోవడం నా ఉద్యోగం. కానీ ఈ ఫారం కింద సంతకం పెట్టాల్సింది పిల్ల, మీరు కాదు. 'ఇందులో రాసింది నిజం' అని తనే పెట్టాలి."

"ఇంకో దారి లేదా?"

"ఉంది. ఫిజిక్స్ 'పూర్తి కాలేదు' అని రాసుకుంటాం. జూలైలో వచ్చి పన్నెండు ల్యాబులూ చేస్తే క్రెడిట్ ఇస్తాం. ఆగస్టులో డిప్లొమా. కానీ గురువారం వేదిక ఎక్కదు. ఎందుకు పూర్తి కాలేదో పెద్దవాళ్ళు ఈ రెండో ఫారంలో రాసివ్వాలి, కమిటీ చదువుతుంది."

నౌఫల్ రెండు ఫారాలూ పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా బావమరిది డాక్టర్ హైసమ్‌కి ఫోను కొట్టాడు.

"అబూ సివార్! బావా! గురువారం మన్సఫ్ విందుకి ఎన్ని మేకలు కోయిస్తున్నావ్? మీ అమ్మ హాజ్జా నాకు ఫోన్ చేసి ఎనభై మందంది."

"మేకల సంగతి తర్వాత. సివార్‌కి తలనొప్పి అని ఒక కాగితం కావాలి."

"పాపం, పరీక్షల టైములో తలనొప్పి రాదా మరి? ఎప్పట్నించి?"

"సెప్టెంబరు నుంచి. మంగళవారాల్లో."

"ఒక్క మంగళవారాల్లోనే వచ్చే తలనొప్పి నేను మెడిసిన్లో చదవలేదు బావా."

"చదవకపోతే ఇప్పుడు చదువు. నీ మేనకోడలి బతుకు."

"సరే సరే, గుండెలు బాదుకోకు. ఫోటో తీసి పంపిస్తా."

పదకొండున్నరకి ఫోటో వచ్చింది. మైగ్రేన్, పన్నెండు తేదీలు, ముద్రతో సహా అన్నీ ఉన్నాయి. దాన్ని ఆఫీసులో కాగితం మీదికి తీయించుకుని, ఫారానికి జతచేసి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. కోటు విప్పాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. పైనుంచి ఎవరు దిగుతున్నా లేచి నిలబడుతున్నాడు.

ఒంటిగంట దాటాక పిల్లలు బిలబిలమంటూ మెట్లు దిగారు. సివార్ స్నేహితురాళ్ళతో వస్తోంది. వాళ్ళలో ఒకతె, "ఏమే ల్యాబు చుట్టం, మీ నాన్నగారొచ్చారు తీసుకెళ్ళడానికి!" అంది. అందరూ నవ్వారు. సివార్ కూడా నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

"బాబా, అన్నీ వచ్చాయి," అంటూ పరుగున వచ్చింది. "ఒక్కటి కూడా వదల్లేదు. మీరు చెప్పిన ఆ కప్పీ లెక్క కూడా ఇచ్చారు."

నౌఫల్ కూతుర్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఫారమూ పెన్నూ చేతికిచ్చాడు. "ఇక్కడ సంతకం పెట్టు తల్లీ. తర్వాత అంతా చెబుతాను."

ఆ పిల్ల చదివింది. "మైగ్రేనా? నాకా?"

"ఒక్క సంతకం. గురువారం అందరితో పాటు వేదిక ఎక్కుతావు. నానమ్మ ముందు కుర్చీలో కూర్చుంటుంది."

"యాభై ఆరే వస్తుందని మీకు చెప్పేశారా?"

నౌఫల్ ఉలిక్కిపడ్డాడు. "నీకు తెలుసా?"

"మార్చి నుంచి తెలుసు. మార్కులు రోజూ ఫోన్లో కనబడతాయి కదా."

"తెలిసి మరి ఇవాళ ఈ పరీక్ష ఎందుకు రాశావే?"

"పదహారు రోజులు మీ సెంటర్ మానుకుని నాకే చెప్పారు కదా, బాబా." అంతే అంది. తర్వాత ఫారాన్ని ఒళ్ళో సర్దుకుని పెన్ను మూత తీసింది. అడగలేదు, గొణగలేదు. కిందికి వంగి పేరులో మొదటి అక్షరం రాసేసింది.

ఆ వంగిన తలని చూసి నౌఫల్‌కి భయమేసింది. మంగళవారాల్లోనూ ఇంతే, పిలవగానే కిక్కురుమనకుండా కారెక్కేది. అప్పుడు అది బుద్ధిమంతురాలని మురిసిపోయాడు. ఇప్పుడు అబద్ధం రాయమన్నా అదే బుద్ధితో రాస్తోంది. తాను ఫిజిక్స్ ఎంత నేర్పాడో గానీ, ఈ తల వంచడాన్ని మాత్రం నూటికి నూరూ నేర్పాడు.

"ఆగు," అని పెన్ను పట్టుకున్నాడు.

"టైమవుతోంది బాబా. రెండింటికి మూసేస్తారని ఫారం మీద ఉంది."

"మూయనీ." ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులోకి తోశాడు.

ఇద్దరూ కౌన్సెలర్ గదిలోకి వెళ్ళారు. రెండో ఫారంలో 'కారణం' అన్నచోట మూడు గీతలున్నాయి. నౌఫల్ నిలబడే రాయడం మొదలుపెట్టాడు. మొదట "కుటుంబ కారణాల వల్ల" అని రాశాడు. కొట్టేశాడు. గోడ గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది. మిస్ దాలియా చేతిలో ముద్ర పట్టుకుని వేచి ఉంది. ఇన్నేళ్లలో వేలమంది జవాబు పత్రాలు దిద్దినవాడికి మూడు గీతలు నిండడం గగనమైపోయింది. చివరికి ఇలా రాశాడు: "పన్నెండు మంగళవారాలు మా అమ్మాయిని బడి నుంచి నేనే తీసుకెళ్ళాను. తనకి ఏ జబ్బూ లేదు. ల్యాబులు అక్కర్లేదని నేనే అన్నాను. నౌఫల్, ఫిజిక్స్ టీచరు."

మిస్ దాలియా చదివి, ముద్ర వేసి, టైము రాసింది. "జూలై ఒకటిన ఎనిమిదింటికి," అంది సివార్‌తో. "పాత బట్టలు వేసుకుని రా, ల్యాబులో మరకలవుతాయి."

బయటికొచ్చాక నౌఫల్ వాళ్ళమ్మకి ఫోను చేశాడు. ఇంకాసేపు ఆగితే ధైర్యం చాలదని అతనికి తెలుసు.

"యమ్మా, గురువారం మన్సఫ్ వద్దని చెప్పు."

"అయ్యో! ఎవరికేమైందిరా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. సివార్ గురువారం వేదిక ఎక్కట్లేదు. ఒక సబ్జెక్టు ఆగింది."

"ఏ సబ్జెక్టు?"

"ఫిజిక్స్."

హాజ్జా గొంతు చేసుకుంది. "నీ ఇంట్లోనా? సుల్తాన్ ఇంట్లోనా? ఆ పిల్ల పుస్తకం పట్టుకోకుండా ఏం చేసింది ఏడాదంతా?"

"పిల్ల తప్పేం లేదు, యమ్మా. నేనే బడికి పోనివ్వలేదు. అందరికీ అలాగే చెప్పు. నా పేరు పెట్టే చెప్పు."

ముసలమ్మ గొంతు తగ్గింది. "పిల్ల ఏడుస్తోందా?"

నౌఫల్ వెనక్కి తిరిగి చూశాడు. సివార్ బెంచీ మీద మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏడుస్తోంది."

"అయితే నాతో ఏంట్రా మాటలు? ఫోన్ పెట్టేసి దాని దగ్గరికి పో. ఆ ఎనభై మందికీ నేను చెప్పుకుంటాలే."

అతను వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నాడు. జూలైలో రోజూ తానే దింపుతానందామనుకున్నాడు. ఈలోగా సివార్ ముఖం ఎత్తింది.

"ల్యాబుల మార్కులు పోతున్నాయని మీకు మూడుసార్లు చెప్పాను, బాబా. మార్చిలో ఒకసారి, రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక ఒకసారి, కార్లో ఒకసారి."

"చెప్పావు."

"మీరు వినలేదు."

"వినలేదు," అన్నాడు సుల్తాన్.