మూడో చాటింపు

ముందు నన్ను నేను తిట్టుకుని, తర్వాత ఫాదర్‌గారి సంగతి చెబుతాను. నాచారం గుడిలో పన్నెండేళ్ళు ఉపదేశిగా చేశాను. పిల్లలకు జపాలు నేర్పడం, పూజలో ఫాదర్ పక్కన నిలబడడం, ఆయన ఇచ్చిన చీటీ చదవడం నా పని. ఇచ్చింది చదివితే చాలు, నా తప్పేమీ ఉండదనుకునేవాణ్ణి. అంత తెలివితక్కువవాణ్ణి. డెబ్బై ఒకటిలో, వానలు మొదలైన నెలలో నాకు బుద్ధి వచ్చింది.

మాలో పెళ్ళి కుదిరితే మూడు ఆదివారాలు గుడిలో చాటింపు వేస్తారు. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయితో పెళ్ళి, ఆటంకం ఏదైనా తెలిసినవాళ్ళు గురువుకు చెప్పాలి, తెలిసి దాచడం పాపం, అని చదువుతాం. మూడుసార్లూ ఎవరూ పలక్కపోతే పెళ్ళికి దారి సాఫైనట్టే.

ఆ నెల చదివింది రాయప్పకూ ఫిలోమినకూ. ఫిలోమిన తండ్రి లేని పిల్ల, నాచారంలోనే ఒక మిల్లులో పనిచేస్తూ తల్లిని సాకుతోంది. రాయప్ప కంట్రాక్టరు కనకరాజుకు మేనల్లుడు, ఆయన దగ్గరే సూపర్‌వైజరు. మంచి సంబంధమని అందరూ సంతోషించారు. నేనూ గొంతెత్తి చదివాను.

చాటింపు సంగతి చెవిన పడి, బుధవారం పొద్దున లూర్దమ్మ వచ్చింది. అన్నోజిగూడ దగ్గర రోడ్డుకు కంకర కొట్టే మనిషి. తల నిండా రాతి దుమ్ము. ఫాదర్ కృపానందంగారు వరండాలో కూర్చుని ఉన్నారు, నేను పక్కనే ఉన్నాను. కొంగుముడి విప్పి, మడతల దగ్గర చిరిగిపోతున్న కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టింది. జనగామ అవతల ఒక గుడిలో ఆరేళ్ళ కిందట రాయప్పకూ తనకూ జరిగిన పెళ్ళి కాగితం. మేనమామ దగ్గర పని చూసుకుని వస్తానని వెళ్ళినవాడు నాలుగేళ్ళయినా రాలేదట.

"నేనింక సావలే ఫాదర్, బతికే ఉన్న. మరి ఆయనకు ఇంకో పెళ్ళెట్ల జేస్తరు?" అంది. ఏడవలేదు. అడగాల్సినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

ఫాదర్ ఆ కాగితం రెండుసార్లు చదివారు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు. "కాగితం నా దగ్గర ఉండనీ తల్లీ. నేను చూసుకుంటాను. నువ్వు నిశ్చింతగా వెళ్ళు" అన్నారు. ఆమె ఆయన చేతికి మొక్కి వెళ్ళింది. ఇలాంటి గురువు ఉండడం మా అదృష్టమని ఆ రోజు ఇంట్లో నా భార్య రాహేలుతో గొప్పగా చెప్పాను.

అనక ఏమంటాను మరి? ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఆరేళ్ళైంది. చిల్కానగర్‌లో మశూచి వచ్చినప్పుడు, కన్నవాళ్ళే గడప దాటని ఇళ్ళల్లోకి వెళ్ళి కూర్చున్న మనిషి. ఆయనకు ఉన్నదల్లా ఒక్కటే దిగులు, గుడి కప్పు. గోడలు లేచి నాలుగేళ్ళు. పైన తాటాకులూ, టార్పాలిన్లూ. వాన వస్తే పూజ మధ్యలో పీఠం మీద గొడుగు పట్టాలి. పర్మిట్ లేనిదే సిమెంటు బస్తా దొరకని రోజులు. తన పేరు చెక్కించిన శంకుస్థాపన రాయిని మాత్రం ఆయన రోజూ తుడిచేవారు. అప్పుడు నేనది భక్తి అనుకున్నాను.

రెండో ఆదివారం మళ్ళీ అదే చీటీ నా చేతిలో పెట్టారు.

"ఫాదర్, లూర్దమ్మ సంగతి?"

"పైన బిషప్‌గారికి రాస్తున్నాను. జవాబు వచ్చేదాకా చాటింపు ఆపితే ఫిలోమిన పరువు పోతుంది. చదువు."

చదివాను. ఈ నోటితోనే చదివాను. తెలిసి దాచడం పాపం అన్న ముక్క దగ్గర నాలుక తడబడింది, అంతే.

మరునాడు కనకరాజు లారీ వచ్చింది. గుడిలో ఒక మూల నిండా సిమెంటు బస్తాలు దించారు. ఉప్పల్ దగ్గర ఆయన సర్కారు క్వార్టర్లు కడుతున్నాడు, వాటికిచ్చిన బస్తాలే. కూలివాళ్ళు దాచకుండానే చెప్పారు. కనకరాజు చేతులు దులుపుకుంటూ, "పెండ్లి గానియ్యి ఫాదర్, మిగిలినయి గూడ దింపుత. క్రిస్మస్‌కు బిషప్ దొరగారు కొత్త కప్పు కింద పూజ జేస్తరు" అన్నాడు. ఫాదర్ నవ్వారు. ఆ నవ్వు చూసి నా ఒళ్ళు మండిపోయింది.

కనకరాజు వెళ్ళాక అడిగాను. "ఆ కాగితం ఏమైంది ఫాదర్?"

"శాంతయ్యా, నాకోసం అడుగుతున్నానా? ఇన్ని వందల మంది తడుస్తున్నారు. ఆ మనిషిని రాయప్ప ఎలాగూ ఏలుకోడు. ఒక్క ఆడమనిషికోసం దేవుని పని ఆపమంటావా?"

"దేవుడు సిమెంటు అడిగిండా ఫాదర్?" అన్నాను. జీవితంలో ఆయనకు అలా ఎదురు మాట్లాడడం అదే మొదలు. "నీ హద్దులో నువ్వుండు" అన్నారు. ఉన్న ఇల్లు గుడిదని, తింటున్న జీతం గుడిదని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేదు, ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చి చెబితే రాహేలు నా మీద విరుచుకుపడింది. "ఇల్లు పోతదని గమ్మునుంటవా? రేపు ఎవడన్న మన పెండ్లి కాగితం గూడ దాచి నన్ను ఇడువుమంటే ఇడుస్తవా? సిగ్గులేదా నీకు!" ఆ మాటకు అన్నం సహించలేదు. శనివారం సైకిలు తీసి, ఉప్పల్ మీదుగా ఎండలో అన్నోజిగూడ దాకా తొక్కాను. కంకర కుప్పల దగ్గర లూర్దమ్మ కనపడింది. రేపు పూజకు రమ్మన్నాను. సరే, వస్తనంది.

ఆదివారం గుడి నిండింది. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. ముందు వరసలో కనకరాజు, పక్కన కొత్త చొక్కాలో రాయప్ప. ప్రసంగం అయ్యాక ఫాదర్ చీటీ ఇచ్చారు. మూడో చాటింపు చదివాను. ఆటంకం తెలిసినవాళ్ళు చెప్పాలి, తెలిసి దాచడం పాపం అన్నాను. చీటీ మడిచి, "నాకు తెలుసు" అన్నాను. "రాయప్పకు పెండ్లయింది. భార్య గక్కడ కూసుంది."

గుడి అంతా గోల. లూర్దమ్మ లేచి నిలబడింది. ఫాదర్ మొహం పాలిపోయింది. కానీ తమాయించుకుని, నెమ్మదిగా అడిగారు. "నీ దగ్గర కాగితం ఏమైనా ఉందా అమ్మా?"

ఆ ప్రశ్న విని నేను నిలువునా మండిపోయాను. దొంగ కూడా అలా అడగడు.

"మీకే ఇచ్చిన గద ఫాదర్," అంది ఆమె అయోమయంగా. "గా బుధారం."

"నాకే కాగితమూ అందలేదు."

"నేను సూసిన! నా ముందట్నే ఇచ్చింది!" అని అరిచాను.

"పొరబడ్డావు శాంతయ్యా. కూర్చో."

అందరూ ఆయన్నే నమ్మారు. ఎందుకు నమ్మరు? మశూచి ఇళ్ళల్లో కూర్చున్న మనిషి కదా. ఫిలోమిన తల్లి లేచి, "ఫాదర్ అబద్ధమాడ్తడా? నా బిడ్డ నోట్ల మన్ను గొట్టనీకి వచ్చినవా?" అని లూర్దమ్మ మీదికి పోయింది. ఉపదేశికి మతి పోయిందన్నాడు కనకరాజు. రాయప్ప తల ఎత్తలేదు. ఫిలోమిన ఒక్కతే వాడి వంక కన్నార్పకుండా చూస్తోంది. ఫాదర్ పీఠం వైపు తిరిగి విశ్వాస ప్రార్థన మొదలుపెట్టారు, జనం గట్టిగా అందుకున్నారు. నాకు ఆ బస్తాలన్నీ తెచ్చి ఆయన నెత్తిన పోయాలనిపించింది.

సత్ప్రసాదపు అప్పం పంచే వేళైంది. పళ్ళెం పట్టుకుని ఆయన పక్కన నడవడం నా పనే కాబట్టి నడిచాను. ఆయన మొహం మాత్రం చూడలేదు. ఆడవాళ్ళ వరస చివర లూర్దమ్మ వచ్చి మోకరించింది. తల ఎత్తి, సూటిగా ఆయన కళ్ళల్లోకి చూసింది.

ఫాదర్ అప్పం పైకెత్తారు. "క్రీస్తు శరీరం" అనాలి. ఆమె ఆమెన్ అని నోరు తెరిస్తే అప్పం నాలుక మీద పెట్టాలి. ఆయన ఆ మాట అనకుండా అప్పం కిందికి దించారు. వంగి, నాకూ ఆమెకూ మాత్రమే వినపడేలా అన్నారు: "కాగితం నా దగ్గరే ఉంది తల్లీ."

లూర్దమ్మ అప్పం కోసం నోరు తెరవలేదు.

"గట్టిగ జెప్పుండ్రి ఫాదర్," అంది. "ఎనకోళ్ళకు ఇనపడలే."

ఆయన జనం వైపు చూశారు, మూలనున్న బస్తాల వైపు చూశారు. తర్వాత గట్టిగా చెప్పారు, అందరికీ. అప్పుడు ఆమె నోరు తెరిచింది.