ఎనిమిది నెలల కాలు

నేను ఒక కాలిని. ఒంటితో పుట్టినదాన్ని కాదు, చేతులతో చేసినదాన్ని. మోకాలి కింద నుంచి పాదం వరకే ఉంటాను, పొడవు జానెడు. కుదురుగా ఉండటం నాకు చేతకాదు.

విశాఖలో కృత్రిమ అవయవాలు చేసే ఒక చిన్న వర్కుషాపులో సుగుణమ్మ నన్ను తయారుచేసింది. పద్నాలుగు నెలల పూర్విక కాలికి అచ్చు తీసి, ప్లాస్టిక్ రేకును వేడిచేసి ఆ అచ్చు మీద సాగదీసి, అడుగున రబ్బరు పాదం బిగించింది. పూర్వికకు కుడి కాలు పుట్టుకతోనే మోకాలికి కాస్త కిందే ఆగిపోయింది. అయినా గోడ పట్టుకుని లేవడం, కూలబడటం, మళ్లీ లేవడం. ఆ పిల్లకూ నిలకడ లేదు.

తల్లి దానమ్మ మనసుకైతే అసలే లేదు. నా అంచులు నునుపు చేస్తున్న సుగుణమ్మను మెల్లగా అడిగింది.

"గ్రేణం నాడు నాను సేప కోసినాను మేడమ్. మా అత్త ఇప్పటికీ అదే అంటాది. అందుకేనా?"

"గ్రహణం నీకు ఎన్నో నెల్లో వచ్చింది?"

"ఏడో నెల."

"బిడ్డ కాళ్లూ చేతులూ మూడో నెలకే రూపు కట్టేస్తాయమ్మా. ఎక్కడో వేలల్లో ఒకరికి ఆ పని మధ్యలో ఆగిపోతుంది. ఎందుకో చాలాసార్లు డాక్టర్లకే తెలీదు. నీ కత్తికి మాత్రం సంబంధం లేదు."

దానమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది.

వాళ్లది భీమిలి దగ్గర జాలరిపేట. ఇంటికి చేరిన రోజే అత్త పోలమ్మ నన్ను పాత వలల బుట్టలో కుక్కేసింది. ఆ ఉప్పు వాసనలో మూడు రోజులు గింజుకున్నాను. లేని కాలికి ఇన్ని కారణాలు వెతికే మనుషులు, ఉన్న కాలిని దాచడానికి ఒక్క కారణం కూడా చెప్పుకోరు.

నాలుగో రోజు దానమ్మ బుట్ట బోర్లించింది. అత్తకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, ఆమె ఎదుటే కూర్చుని పూర్వికకు నన్ను తొడిగింది.

"కాళ్లు మూడో నెలకే అయిపోతాయంట అత్తా. గ్రేణం ఏడో నెల్లో వచ్చినాది. నా తప్పు నేదు."

పోలమ్మ చెల్లాచెదురైన వలలను బుట్టలోకి ఎత్తుతూ ఆగింది.

"ఆ దినం కత్తి నీ సేతికిచ్చింది నానే గదే," అంది. "అయితే నా తప్పూ నేదా?"

దానమ్మ జవాబు చెప్పేలోపే పూర్విక మంచం కోడు వదిలేసింది. నా మీద బరువు మోపి ఒక అడుగు వేసింది. రెండో అడుగుకు తూలింది. పట్టుకున్నది పోలమ్మే.

ఎనిమిది నెలలు ఇసుకలో, గచ్చు మీద, పడవల చుట్టూ తిరిగాను. పిల్ల పెరిగింది, నేను పెరగలేదు. సుగుణమ్మ ఆమెకు ఇంకో కాలు చేసింది. నేను వర్కుషాపు అలమరాకు చేరాను. కొత్తగా వచ్చే తల్లులు నన్ను చేతిలోకి తీసుకుని, తిప్పి అడుగు చూస్తారు. రబ్బరు బాగా అరిగిపోయి ఉంటుంది. అక్కడ వేలితో తడిమి, అప్పుడు చంకలోని బిడ్డను కిందికి దించుతారు.