రెండో పాటదారు

వేలంపాటకు కనీసం ఇద్దరు పాటదారులుండాలని కొత్త చట్టంలో రాసి ఉంది. ఈ సంగతి అమ్మకాల కాగితాలు చూసే ముర్సల్ వేలానికి తొమ్మిది రోజుల ముందు చదివాడు. అప్పటికే ఆ పట్టణంలో పదిహేడు ప్రభుత్వ ఆస్తులు అమ్ముడుపోయాయి. పదిహేడింటికీ పాడినవాడు ఒక్కొక్కడే. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఈసారి మాత్రం అప్పిచ్చే విదేశీ బ్యాంకు వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు.

అమ్మకానికి పెట్టింది స్టేషను ఎదురుగా ఉన్న కుట్టు కేంద్రం. రెండు గదులు, పదకొండు మిషన్లు. సోవియట్ రోజుల్లో చమురు బావుల పనివాళ్ళకు దూది కోట్లు కుట్టిన చోటు అది. సయ్యారా ఇరవై ఏడేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. చివరి తొమ్మిదేళ్ళూ దాని పెద్ద ఆవిడే. కొనబోయేది జిల్లా అధిపతి గజన్‌ఫర్ మేనల్లుడు వుగార్ అనీ, కొన్నాక అది విదేశీ ఇంజనీర్లకు బీరు దుకాణం అవుతుందనీ, మిషన్లు తుక్కుకి వెళతాయనీ ఊళ్ళో అందరికీ తెలుసు. ఈమధ్యే వుగార్‌కి కూడా తెలిసింది.

ముర్సల్ రాజధాని నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. సయ్యారా దగ్గరికి వచ్చి, కత్తిరింపుల బల్ల పక్కన కూర్చుని, టీ తాగి, విషయం చెప్పాడు.

"సయ్యారా ఖానుం, రెండో పాటదారు మీరే."

"నేనా? వద్దండీ. ఇంకెవర్నైనా చూసుకోండి."

"కష్టమేం లేదు. మొదటి ధర చెప్పగానే మీరు నంబరు అట్ట ఎత్తుతారు. మీ మీద వుగార్ ఎత్తుతాడు. మీరు మళ్ళీ ఎత్తరు. అయిపోయింది, ఇంటికెళ్ళి వంట చేసుకోవచ్చు."

"నేనెత్తితే అతనెత్తడు."

"ఎందుకెత్తడు? వాళ్ళ మామయ్యే ఎత్తమన్నాడు."

"నాకొద్దని చెబుతున్నా కదండీ."

మర్యాదస్తురాలైన ఆడమనిషి ఏదైనా రెండుసార్లు వద్దంటుంది. ముర్సల్ కూడా మర్యాదస్తుడే గనుక మూడోసారి అడిగాడు. ఈసారి సయ్యారా కత్తెర పక్కన పెట్టింది.

"సరే, మీ ఇష్టం. తర్వాత నన్నేమీ అనకూడదు."

"అయ్యో, మిమ్మల్నెవరంటారు? మొదటి ధరకు సరిపడా వాటా చీటీలు మాత్రం బల్ల మీద చూపించాలి. మీ పదకొండు మంది ఇళ్ళలో ఉన్నవీ పోగుచేసి తెండి. సాయంత్రం పట్టుకుపోదురు గాని."

ప్రైవేటీకరణ మొదలైనప్పుడు ప్రభుత్వ ఆస్తులు కొనుక్కోమని దేశంలో ప్రతి మనిషికీ వాటా చీటీలు పంచారు. చాలామంది వాటిని బజారులో మాంసానికో బూట్లకో ఇచ్చేసుకున్నారు. కుట్టు కేంద్రం వాళ్ళు మాత్రం, అమ్ముదామనుకున్నప్పుడల్లా సయ్యారా "రేపు చూద్దాం" అనడం వల్ల, అమ్మలేదు.

మిషన్ల దగ్గర కూర్చునే నుషాబాకి ఇది నచ్చలేదు. "ఏమక్కా, మన గొయ్యి తవ్వడానికి పారలు కూడా మనమే తెచ్చుకోవాలా?"

"నువ్వు చీటీలు తే."

"తెస్తాలే. మా అత్త చీటీలు దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. ముందు ఆవిణ్ణి లేపాలి."

గజన్‌ఫర్ తన గదిలో ముర్సల్ రాసుకొచ్చిన పేరు చూసి తలూపాడు. "మొగుడు పోయినావిడేగా? నోట్లో నాలుక లేని మనిషి. కానియ్."

ఆయన తలూపడంలో ఒక పొరపాటుంది. దానికి కారణం ఆయన నిష్ఠ.

పాతికేళ్ళ క్రితం ఆయన జిల్లా పార్టీలో నాస్తిక ప్రచార విభాగం కార్యదర్శి. వుగార్‌కి నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మ దిల్‌షాద్ ఇంట్లో పరదాలు దించి సున్తీ చేయించింది. అన్నగారు ఆ రోజు ఆ ఇంట్లో లేడు. ఉండకూడదు. ఉంటే ఉద్యోగం పోయేది. కుర్రాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నవాడు పక్కింటి బాలాగా, సయ్యారా భర్త. ఒళ్ళో పట్టుకున్నవాణ్ణి కిర్వా అంటారు. ఆ క్షణం నుంచీ రెండిళ్ళూ ఒకటే. పిల్లనిచ్చిపుచ్చుకోవడం ఉండదు, కిర్వా ఇంటివాళ్ళ మీద గొంతెత్తడం ఉండదు. కిర్వాకి ఎదురు నిలవడం కన్నా తండ్రి గడ్డం పట్టుకుని లాగడం నయం అంటారు. బాలాగా పోయి ఆరేళ్ళయింది. కిర్వా పోయినా ఆ ఇల్లు కిర్వా ఇల్లే.

ఇదంతా ఆ వీధిలో కుక్కకి కూడా తెలుసు. గజన్‌ఫర్‌కి చెప్పినవాళ్ళు మాత్రం లేరు. అప్పట్లో ఆయనకి చెప్పడం నేరం. ఆ తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు.

సయ్యారాకి గుర్తుంది. తొమ్మిది రాత్రుళ్ళూ సరిగా నిద్ర పట్టలేదు. తాను అబద్ధం ఆడలేదు. అట్ట ఎత్తితే అతనెత్తడని చెప్పింది, మూడుసార్లు అడిగించుకుంది. అయినా మనసు పీకుతూనే ఉంది. కుర్రాడి మెడకి ఉచ్చు వేసి తన మిషన్లు కాపాడుకుంటున్నానా అని ఒక పక్క, ఆ మిషన్ల మీద పదకొండు పొయ్యిలు వెలుగుతున్నాయని ఇంకో పక్క.

వేలం సంస్కృతి భవనంలో జరిగింది. ముందు వరసలో ఇద్దరు విదేశీయులు, వాళ్ళ దుబాసీ, టీవీ వాళ్ళు. సయ్యారా లోపలికి రాగానే వుగార్ చటుక్కున లేచి నిలబడ్డాడు. రెండో పాటదారు ఎవరో అతనికి చెప్పలేదు. చెప్పాల్సినంత ముఖ్యమని ఎవరూ అనుకోలేదు.

"కూర్చో బాబూ," అంది సయ్యారా.

"మీరు కూర్చోండి పిన్నీ."

ఆవిడ కూర్చున్నాకే అతను కూర్చున్నాడు. వేలం పెద్ద మొదటి ధర చెప్పాడు. సయ్యారా అట్ట ఎత్తింది.

"ఒకటోసారి."

వుగార్ అట్ట మోకాళ్ళ మీదే ఉంది. గజన్‌ఫర్ దగ్గాడు.

"రెండోసారి."

గజన్‌ఫర్ మళ్ళీ దగ్గాడు. దగ్గు ఈసారి చాలాసేపు సాగింది. ఒక విదేశీయుడు ఏదో అడిగితే దుబాసీ గజన్‌ఫర్‌కో గ్లాసు నీళ్ళు తెచ్చిచ్చాడు. వేలం పెద్ద సుత్తి గాల్లోనే ఆపి, వుగార్ వంకా, జిల్లా అధిపతి వంకా, టీవీ కెమెరా వంకా చూశాడు. విదేశీయులు గడియారాలు చూసుకున్నారు. సుత్తి దిగింది.

విదేశీయులు చప్పట్లు కొట్టారు. వాళ్ళు కొట్టారని అందరూ కొట్టారు. గజన్‌ఫర్ కూడా కొట్టాడు, తేలు కుట్టిన దొంగలా.

భవనం వెనకాల మేనల్లుణ్ణి గోడకి ఆనించాడు. "చెయ్యి పడిపోయిందిరా నీకు?"

"ఆవిడ మా కిర్వా భార్య, మామయ్యా."

"ఏ కిర్వా?"

"బాలాగా కిర్వా."

"నాకెవరూ చెప్పలేదే!"

దిల్‌షాద్ అక్కడే ఉంది. "ఎలా చెప్పమన్నావన్నయ్యా? ఆ రోజు నువ్వు స్కూల్లో దేవుడు లేడని ఉపన్యాసం ఇస్తున్నావు. మైకు మా ఇంటిదాకా వినిపించింది."

వేలాన్ని రద్దు చెయ్యడానికి వీల్లేకపోయింది. మచ్చలేని అమ్మకమని విదేశీయులు రాసుకుని వెళ్ళారు, సయ్యారా ఫోటో పేపర్లో పడింది. అయితే గజన్‌ఫర్ త్వరగా నేర్చుకునే మనిషి. రెండు ప్రభుత్వాల కింద పెద్ద పదవుల్లో ఊరికే నెగ్గుకురాలేదు. నాలుగో రోజున మిఠాయి పెట్టెతో, వుగార్‌ని వెంటబెట్టుకుని కుట్టు కేంద్రానికి వచ్చాడు.

"సయ్యారా చెల్లెమ్మా! మనం మనం చుట్టాలమని ఇన్నాళ్ళూ నాకు తెలీకపోవడం ఏమిటి!"

"కూర్చోండి గజన్‌ఫర్ గారూ."

"కిర్వా ఇల్లంటే మాటలా? పిల్లవాడు కిర్వా గడప ఎక్కి నోరు తెరిచి ఒకటి అడిగితే లేదనకూడదంట కదా. నిన్న మా చెల్లెలు చెప్పింది. నిజమేనా?"

మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. సయ్యారాకి అబద్ధం ఆడదామని ఒక్క క్షణం అనిపించింది.

"నిజమే. ఒక్కసారి అడగొచ్చు. లేదనం."

"మరింకేం." గజన్‌ఫర్ మేనల్లుడి భుజం తట్టాడు. "అడుగు నాయనా. దారిలో అనుకున్నాంగా."

వుగార్ లేచాడు. నుషాబా పెదవి కొరుక్కుంటూ అతన్నే చూస్తోంది. అతను మామయ్య వైపు చూడలేదు.

"పిన్నీ, నాకో కోటు కుట్టి పెట్టాలి."

గజన్‌ఫర్ టీ గ్లాసు పెదాల దగ్గర ఆగింది. "కోటేమిట్రా?"

"చలికాలం కోటు, మామయ్యా. దూది పెట్టి."

"నిన్ను అడగమన్నదేమిటి..."

"ఒక్కసారే అడగాలన్నారు కదా. అడిగేశాను."

ఇంటికెళ్ళాక వుగార్‌కి ఏం జరుగుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. కస్టమ్స్‌లో అతని ఉద్యోగం వారం తిరక్కుండానే ఇంకో మేనల్లుడికి వెళ్ళింది. అది కాక, కుట్టు కేంద్రానికి గ్యాసు మూడు వారాలు రాలేదు. గొట్టం మరమ్మతులని చెప్పారు.

అవన్నీ తర్వాతి సంగతులు. అప్పటికి సయ్యారా మెడలో టేపు తీసి, కళ్ళద్దాలు తుడుచుకుంది. తుడిచినా మసగ్గానే కనిపించింది.

"ఇటు తిరుగు బాబూ. చేతులు చాపు. నుషాబా, రాసుకో. భుజం నలభై ఏడు. లోపల గుడ్డ మంచిది వెయ్యాలి, గుర్తుపెట్టుకో."