రక్తం లేని గాయం

మా ఆవిడ ఫుమియె పెళ్లికి ముందు క్యోటోలో కత్తియుద్ధాల సినిమాల్లో నటులకు ఉత్తుత్తి గాయాలు వేసేది. ఇప్పుడు ఏటా సెప్టెంబరు ఒకటిన, భూకంపం వస్తే ఏం చేయాలో మా ఊరంతా సాధన చేసే రోజున, బడి వ్యాయామశాలలో మాకు వేస్తోంది. ఆమె చేతిలో దెబ్బ తినని ముసలివాళ్లు ఊళ్లో లేరు.

"ఎముక కనబడాలమ్మాయ్," అంటూ పక్కింటి తొకుయో మామ్మ కాలు చాపింది. "పోయినేడు చేపలకొట్టు వాడికి పెట్టావుగా. నాకేం తక్కువ?"

"కదలకు మామ్మా, నీకు రెండు పెడతా."

ఫుమియె విరిచిన చాప్‌స్టిక్ ముక్కలు పిక్క మీద జిగురుతో అతికించింది. చుట్టూ తడి కాగితం ముడతలు పెట్టింది. చక్కెరపాకంలో ఎర్రరంగు, చిటికెడు కాఫీపొడి కలిపి ధారగా పోసింది. మామ్మ సంబరానికి అంతు లేదు.

నాకు మాత్రం చుక్క రక్తం దక్కలేదు. మొహానికి పాలిపోయిన రంగు, పెదాలకు కాస్త నీలం, నుదుటి మీద గ్లిసరిన్ చెమట. దానికే గంట పట్టింది.

"ఇదేం గాయమే? ముప్పై ఏళ్లు మంగలి షాపు నడిపినవాడికి ఇంత చవక చావా?"

"కడుపులో రక్తం కారుతోంది మీకు. గబగబా ఊపిరి తీయండి, మాట్లాడకండి. అందరికంటే ముందు పోయేది మీరే."

ఇదంతా మా అమ్మాయి చినాత్సు కోసమే. అది నర్సు. దెబ్బలు తగిలినవాళ్లలో ఎవరిని ముందు తీసుకెళ్లాలో చూసి ఎర్ర చీటీ, ఆగగలిగినవాళ్లకు పసుపు చీటీ కట్టాలి. మనిషికి అర నిమిషం, కట్టి ముందుకు పోవడమే. పోయినేడు రక్తం చూసి పరుగెత్తి, కేకలు పెట్టేవాడి దగ్గరే కూర్చుండిపోయింది. మూలనున్నవాడు 'చచ్చిపోయాడు'. మళ్లీ అలా చేస్తే అత్యవసర విభాగంలోంచి తీసేస్తానని పెద్ద నర్సు తేల్చి చెప్పింది.

"తల్లివి, కాస్త తేలిగ్గా వేయకూడదా?" అన్నాను.

"భూకంపం తేలిగ్గా వస్తుందా?"

ఈల మోగింది. మామ్మ వెంటనే అందుకుంది. "చచ్చాన్రో దేవుడో! ఎముక! చూడండ్రా, ఎముక!"

చినాత్సు అటు తిరిగింది. మళ్లీ పోయినేటి కథే అనుకున్నాను.

"ఇంత అరుస్తున్నావంటే ఊపిరి బ్రహ్మాండంగా ఉంది మామ్మా, కాసేపాగు," అని పసుపు చీటీ కట్టి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. మణికట్టు పట్టుకుంది. ఉత్తుత్తిదని తెలిసీ, ఎర్ర చీటీ కట్టాక కూడా చెయ్యి వదల్లేదు. పెద్ద నర్సు గడియారం చూసుకుంటోంది.

"వెళ్లవే," అని గొణిగాను.

"నోర్ముయ్ నాన్నా, నువ్వు చచ్చిపోతున్నావు," అంది. లేచి పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పెద్ద నర్సు తల ఊపి ఏదో రాసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఫుమియె పరుగెత్తుకొచ్చింది.

"ఎవరేడవమన్నారు మిమ్మల్ని? గంట కష్టం, అంతా కారిపోయింది!"

"చచ్చేవాడిలా ఉండమన్నావుగా."

"చచ్చేవాడు కూతుర్ని చూసి ఇంతలా మురిసిపోతాడా?" అంది, తన కళ్లూ తుడుచుకుంటూ.