బతికినదాని వాంగ్మూలం

బియ్యం కడుగుతుంటే వీధి గదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"సూర్యా, అప్పాజీ గారొచ్చారు. రెండు కాఫీలు పట్రా. మెడ చుట్టూ కొంగు కప్పుకుని రా."

అప్పాజీ గారిది మా ఊళ్ళో గ్యాస్ ఏజెన్సీ. ఏడాదిన్నర క్రితం మా వంటింట్లో అంటుకున్నది ఆయన పంపిన సిలిండరే. నా మెడ, కుడి భుజం, కుడి చెయ్యి కాలాయి. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని లోపలికి ముడుచుకుపోయాయి. మెడ మీద చర్మం బిగుసుకుపోయింది. ఎవరైనా పిలిస్తే తలొక్కటే తిప్పలేను, మనిషినంతా తిరగాలి. ఇప్పుడు ఆయనకే కాఫీ. ఎడం చేత్తో పాలు దించి, కాఫీ కలిపి, ట్రే ఒక కొస ఎడం చేత్తో పట్టుకుని, రెండో కొస కుడి మోచేతి మీద ఆనించుకుని తీసుకెళ్ళాను. కొంగు కప్పుకోలేదు. పంతమేం కాదు. ట్రే పట్టుకున్నాక కప్పుకోవడానికి నాకింకో చెయ్యి లేదు.

అప్పాజీ గారు నా మెడ చూసి చప్పున కాఫీ కప్పు వంక చూపు తిప్పుకున్నారు. ఆ తర్వాత మాట్లాడిందంతా మా ఆయనతోనే.

"చెల్లెమ్మకి మీరే నచ్చజెప్పాలి శివరామకృష్ణ గారూ. ఆసుపత్రి ఖర్చులు నేను పెట్టుకుంటాను. ఏలూరు వినియోగదారుల ఫోరంలో వేసిన కేసు వెనక్కి తీసుకోమనండి. అయినా తన అజాగ్రత్త వల్లే అంటుకుందని ఆవిడే చెప్పారు కదండి. మేజిస్ట్రేటు గారు రాసుకున్నారు. ఇంక కేసు నిలవదండి."

"నేను చెప్తానండి," అన్నారు మా ఆయన.

మేజిస్ట్రేటుకి నేను అలా చెప్పిన మాట నిజమే. ఎందుకు చెప్పానో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సిలిండరు వచ్చిన రోజే వాసన వచ్చింది. తెచ్చినతను రెగ్యులేటరు అటూ ఇటూ తిప్పి, "కొత్తలో అలాగే ఉంటుందమ్మా," అని వెళ్ళిపోయాడు. మా ఆయనతో చెబితే, "నీ ముక్కుకి అన్నీ వాసనలే," అన్నారు. పక్కింటి ఉషారాణిని తోడు తీసుకుని ఏజెన్సీకి వెళ్ళాను. కౌంటర్లో గుమస్తా తలెత్తకుండానే, "మీ ఆయన్ని పంపండమ్మా, రాసుకుంటాం," అన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అదే మాట. మా ఆయనది ఎరువుల కొట్టు. అవి సార్వా వరి నాట్ల రోజులు, ఆయనకి తీరిక లేదు. తీరిక లేకపోయినా పొద్దున్నే టిఫిను మాత్రం టైముకి కావాలి. ఆ పొద్దున కిటికీలన్నీ తెరిచి, వాసన పోయిందనుకున్నాకే అగ్గిపుల్ల గీశాను.

ఆసుపత్రిలో నన్ను అరిటాకుల మీద పడుకోబెట్టారు. కాలిన ఆడది వచ్చిందంటే పోలీసులు ముందు మొగుణ్ణి అడుగుతారు. మా ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి అడుగుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. అప్పుడు మా అత్తగారు పాపాయమ్మ గారు నా చెవి దగ్గరకు వంగారు. "అమ్మాయ్, మేజిస్ట్రేటు వస్తున్నాడంట. వాసనొస్తోందని అబ్బాయికి చెప్పానని మాత్రం అనకు. చెప్పినా ఎందుకు పట్టించుకోలేదని వాణ్ణి తీసుకుపోతారు. నా అజాగ్రత్తే అని చెప్పెయ్యి. నువ్వెలాగూ..." అని ఆగిపోయారు. ఆగిన మాట నాకు అర్థమైంది. ఎలాగూ పోతున్నాను, పోతూ పోతూ ఒక్క మాట సాయం చేసి పొమ్మంటున్నారు. మేజిస్ట్రేటు వచ్చి అడిగితే, "నా అజాగ్రత్త వల్లేనండి," అన్నాను. అనడం ఏమంత కష్టం కాలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ కూర మాడినా, పాలు పొంగినా, పాపకి దగ్గొచ్చినా నా అజాగ్రత్తే. అలవాటైపోయిన మాట, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆ తర్వాత నేను పోలేదు. నాతోపాటు ఆ మాట కూడా బతికింది.

అప్పాజీ గారు వెళ్ళాక మా ఆయన నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఫోరంలో మా అమ్మ పేరెత్తావంటే నేను ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. పెళ్ళాన్ని కాల్చి, అలా చెప్పించారంటారు."

"మీరు కాల్చలేదని కూడా చెబుతానండి."

"అసలు నీకిప్పుడు వచ్చిన నష్టమేంటి? ఉద్యోగం పోయిందా? ఇంట్లోనే కదా ఉండేది."

నేను నరసాపురం పిల్లని. మా అమ్మ పక్కన అరుగు మీద కూర్చుని, సరిగా జడ వేసుకోవడం రాకముందే లేసు అల్లడం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక కూడా మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక సూది, దారం పట్టుకునేదాన్ని. లేసు ఏజెంటు వచ్చి పట్టుకెళ్ళేవాడు. పాప స్కూలు ఫీజు ఆ డబ్బే. మా ఆయన దాన్ని కాలక్షేపం అనేవారు. ఇప్పుడు ఆ సూది నా వేళ్ళ మధ్య నిలవదు. నష్టమేంటని అడిగే మనిషికి ఆ వేళ్ళు చూపించాలనిపించింది. రోజూ ఆ చేత్తోనే ఆయన కంచం ముందు కూర గిన్నె పెడుతున్నాను కదా. చూడనివాళ్ళకి చూపించడం ఎలాగో నాకు తెలియలేదు.

కేసు వేయించింది ఉషారాణే. తణుకులో తనకి తెలిసిన లాయరు శ్రీదుర్గ గారి దగ్గరికి తీసుకెళ్ళింది. వాయిదా ముందురోజు శ్రీదుర్గ గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "ఏజెన్సీ తప్పని ఉషారాణి గారి సాక్ష్యం ఉంది. మనకి అడ్డమల్లా ఆ వాంగ్మూలమేనండి. ఎందుకలా చెప్పాల్సి వచ్చిందో మీ నోటితో మీరే చెప్పాలి. చెప్పాక ఇంట్లో ఎలా ఉంటుందో కూడా ఆలోచించుకోండి. అక్కడ నేను తోడు రాలేను."

ఆలోచించుకున్నాను. చెప్పకపోతే ఇంట్లో ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. దాంట్లోనే ఉన్నాను కాబట్టి.

ఫోరం గది చిన్నది. పైన ఫోరం సభ్యులు ముగ్గురు కూర్చున్నారు, అందులో ఒకావిడ. నేను వెళ్ళేసరికే అప్పాజీ గారు తన గుమస్తాతో వచ్చి ఉన్నారు. ఆయన పక్క కుర్చీలో మా ఆయన. నాతో పాటు వస్తారనుకుని తెల్లారి బస్సుకి రెండు టిఫిన్లు కట్టాను. నాకంటే ముందే ఆయన అప్పాజీ గారి కారులో వచ్చేశారు. ఎందుకో కాసేపట్లో తెలిసింది. అప్పాజీ గారి లాయరు ఒక అఫిడవిట్ చదివారు. నా భార్య గ్యాస్ వాసన గురించి నాతో ఏనాడూ చెప్పలేదు, ఆమెకి పరధ్యానం ఎక్కువ, అని మా ఆయన సంతకం పెట్టిన కాగితం. నేను మనిషినంతా తిరిగి ఆయన వంక చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న బరువేదో ఎవరో దించేసినట్టు అనిపించింది. ఇంకా ఈయన్ని కాపాడాలా వద్దా అని రాత్రంతా కొట్టుమిట్టాడాను. ఆ పని ఇంక నాది కాదు.

ఆ లాయరు నా వైపు తిరిగారు. "చూడమ్మా, చావుబతుకుల్లో ఉన్న మనిషి అబద్ధం చెప్పరని చట్టం నమ్ముతుంది. అప్పుడు మీ అజాగ్రత్త అన్నారు. ఇప్పుడు డబ్బు వస్తుందనేసరికి ఏజెన్సీ తప్పంటున్నారు. మేం ఏ మాట నమ్మాలి?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చచ్చిపోయే ఆడది ఎవరి గురించి ఆలోచిస్తుందో చట్టానికి తెలియదండి. ఎలాగూ పోతున్నావు, మా అబ్బాయిని కాపాడి పొమ్మని మా అత్తగారు అడిగారు. ఆవిడ కన్నతల్లి, భయపడ్డారు. ఆయన నన్ను కాల్చలేదండి. వాసన వస్తోందని చెబితే వినలేదు, అంతే. చచ్చిపోతాననుకున్నాను కాబట్టి వాళ్ళకి కావలసింది చెప్పాను. బతికాను కాబట్టి జరిగింది చెబుతున్నాను."

పైన కూర్చున్న ఆవిడ, "ఏజెన్సీలో మీ ఫిర్యాదు ఎందుకు రాసుకోలేదు?" అని అడిగారు.

"మా ఆయన్ని పంపమన్నారండి."

ఆవిడ కలం పట్టుకుని అప్పాజీ గారి గుమస్తా వైపు చూశారు. "అలా అన్నారా?"

గుమస్తా అప్పాజీ గారి మొహం చూశాడు. "మగాళ్ళయితే అడ్రస్సూ అదీ సరిగా చెప్తారని, మామూలుగా అలాగే అంటామండి," అన్నాడు. ఆవిడ అది రాసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో మా ఆయన ఆ కారు తలుపు తీసి నిలబడ్డారు. "ఎక్కు," అన్నారు. నేను శ్రీదుర్గ గారితో బస్సెక్కాను. రెండో టిఫిను ఆవిడ తిన్నారు.

తీర్పు నా వైపే వచ్చింది. అప్పాజీ గారు హైదరాబాదులో అప్పీలు చేశారు, అక్కడా ఓడిపోయారు. ఇదంతా అయ్యేసరికి మరో సార్వా కోతలు కూడా అయిపోయాయి. అన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నాను. మా ఆయన నాతో పాప ద్వారా మాట్లాడేవారు. నేను ఆయన గదిలో పడుకోవడం మానేశాను. చెక్కు నా పేరున వచ్చింది. అది చూశాక మాత్రం ఆయన నేరుగా నాతోనే మాట్లాడారు. "కొట్లో సరుకు తక్కువగా ఉంది. అందులో వేద్దాం. కావాలంటే వడ్డీకి ఇచ్చావనుకో."

"విశాఖలో డాక్టరు గారు ఆపరేషనుకి డేటు ఇచ్చారండి. వేళ్ళు విడదీస్తారు, మెడకి కూడా చేస్తారు. మిగిలింది పాప పేరున వేశాను," అన్నాను. వేద్దామనుకుంటున్నాను అనలేదు. అప్పటికే వేసేశాను.

బయలుదేరే రోజు బట్టలు సర్దుకుంటుంటే మా అత్తగారు గుమ్మంలో వచ్చి నిలబడ్డారు. ఫోరం తర్వాత ఆవిడ నాతో సరిగా మాట్లాడిందే లేదు.

"నా పేరు అందరి ముందూ చెప్పేశావని కోపం వచ్చిందమ్మాయ్," అన్నారు. "నేనలా అన్న మాట నిజమే. ఇప్పటికీ నువ్వలా ఆకుల మీద పడుకుని ఉన్నట్టే కల్లోకి వస్తుంది."

నేను పెట్టె మూత వేశాను. ఎడం చేత్తో నొక్కి, మోకాలు ఆనించి, గొళ్ళెం పెట్టాను. ఆవిడ వచ్చి రెండో గొళ్ళెం పెట్టారు.

"ఆపరేషనయ్యాక చెయ్యి మామూలుగా వస్తుందంటున్నారా? మళ్ళీ మునుపట్లా ఇంట్లో అన్నీ చేసుకోగలవా?"

"చెయ్యగలనంటున్నారండి," అన్నాను. "చేస్తానో లేదో నేనింకా అనుకోలేదు."