తినబోయే ముందు

ఆర్ట్స్ కాలేజీలో ఆ రోజు పెద్ద చర్చ జరిగింది. బీదవాళ్ల పిల్లలు ప్రైవేటు బడిలో చదువుకుంటామంటే సర్కారు ఫీజు కట్టాలా, వద్దా అని. వక్తలకు దండలు వేశారు, టీలు ఇచ్చారు. బీద పిల్లను కన్నతల్లి అంటూ అక్కడ ఉన్నది రాహేలు ఒక్కతే. ఆమెను ఎవరూ పిలవలేదు. వరండాలు ఊడ్చేది ఆమే కాబట్టి చీపురు పట్టుకుని తలుపు పక్కన నిలబడి వింది.

లెక్చరరు వెంకటస్వామి లేచి, "ఉన్నోడు పిల్లను మెచ్చిన బడికి తోలుకుంటడు. లేనోడు తోలుకుంటనంటే మనకెందుకు నొప్పి?" అన్నాడు. హాలంతా చప్పట్లు. తర్వాత ఒక ముసలి ప్రొఫెసరు లేచి, "అందర్నీ అట్లా పంపేస్తే మన సర్కారు బడిలో చివరికి మిగిలేదెవరు?" అని అడిగాడు. ఆయనకు చప్పట్లు అంతగా పడలేదు. రాహేలు కూడా ఆ మాటను మెట్లు దిగేలోపే మరిచిపోయింది. వెంకటస్వామి మాట మాత్రం తార్నాకలోని గుడిసె దాకా మోసుకుపోయింది.

ఆమె భర్త దానయ్య యూనివర్సిటీ తోటలో మాలి. ఒక్కతే కూతురు. ఇంట్లో బాలలక్ష్మి, చర్చిలో ఎస్తేరు. ఆ వాడలో చర్చికి పోయే ప్రతివాళ్లకూ రెండేసి పేర్లు, ఊళ్లో అవ్వ పెట్టింది ఒకటి, పాస్టరు అయ్యగారు పెట్టింది ఒకటి. ఏ పేరుతో పిలిచినా పలికేవాళ్లు, అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. తప్పు సర్కారుకు కనిపించింది. హరిజనుల పిల్లలు ప్రైవేటు బడిలో చేరితే ఫీజు కడతాం గానీ, ఏసును నమ్మినవాళ్లు హరిజనులు కారు పొమ్మంది. నీళ్ల పంపు దగ్గర మాత్రం రాహేలు బిందెను ఇప్పటికీ దూరంగానే పెట్టిస్తున్నారు. దానికి ఏ రూలూ అడ్డం రాలేదు.

ఆమె వెంకటస్వామి దగ్గరికే పోయి గోడు చెప్పుకుంది. ఆయనదీ వీళ్ల కులమే.

"ముషీరాబాదు ప్రైవేటు బడిల బాలలక్ష్మి అనే రాయిద్దాం. సర్కారు ఆఫీసరొచ్చి పిల్లనడుగుతడు. చర్చి ముచ్చట తియ్యొద్దు" అన్నాడాయన.

"అబద్ధం కాదా సారూ?"

"అవ్వ పెట్టిన పేరే గదమ్మా. అబద్ధమెట్లయితది?"

రాహేలు గోడ మీది ఏసుప్రభువు క్యాలెండరు తీసి, పాత చీరలో చుట్టి, "జర ఓర్చుకో తండ్రీ" అంటూ పెట్టెలో పెట్టింది. పిల్లకు రోజూ పాఠం చెప్పింది. పేరేంది, నాయిన పేరేంది, ఏ పండుగ చేస్తరు? పిల్ల చురుకైనది. రెండు రోజుల్లో అన్నీ అప్పజెప్పింది.

ఆఫీసరు మంచివాడే. ముషీరాబాదు బడిలో కుర్చీ వేసుకుని కూర్చుని, నవ్వుతూ అడిగాడు. పిల్ల తడుముకోకుండా చెప్పింది. "ఏ పండుగంటే ఇష్టం?" అంటే, "బతుకమ్మ" అంది. అది నిజమే, ఆ పిల్లకు ఆ పూలంటే ప్రాణం. ఆఫీసరు ముచ్చటపడి, తన టీతో వచ్చిన బిస్కెట్లలోంచి ఒకటి తీసి చేతికిచ్చాడు.

పిల్ల బిస్కెట్టు ఒళ్లో పెట్టుకుంది. చేతులు జోడించింది. కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. చివర "ఆమేన్" అని పైకే అని, బుద్ధిగా కొరికింది.

జాంపండైనా సరే, ప్రార్థన చెయ్యందే నోట్లో పెట్టకూడదని అన్నం ముట్టిననాటి నుంచీ నేర్పింది రాహేలే. ఎన్నో మాటలు దాచమని చెప్పింది గానీ, ఇది దాచాల్సిందని తట్టనే లేదు. ఊపిరి పీల్చడం దాచమని ఎవరు చెబుతారు?

ఆఫీసరు టీకప్పు కింద పెట్టేశాడు. కాగితంలో పిల్ల పేరు కొట్టేశాడు. "నా చేతుల ఏం లేదమ్మా" అన్నాడు మెల్లగా.

దారిలో పిల్ల అడిగింది. "నేను అన్నీ మంచిగనే చెప్పిన గదమ్మా?"

"మంచిగనే చెప్పినవు బిడ్డా" అంది రాహేలు.

వాడలో చర్చికి పోని పోచయ్య పిల్లలు, లచ్చమ్మ కొడుకు ముషీరాబాదు బడిలో చేరారు. సర్కారు బడిలో ఒక్క పంతులు, ఆయన కూడా వస్తే వచ్చినట్టు. వెనక బెంచీలు ఖాళీ. కూతుర్ని అక్కడ దింపి వస్తుంటే రాహేలుకు ఆ ముసలి ప్రొఫెసరు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. మిగిలేదెవరో ఇప్పుడు తెలిసింది. పాపం, ఆయనకు చప్పట్లు కొట్టనివాళ్లలో తనూ ఉంది.

ఆ సాయంత్రం రాహేలు అన్నాలు వడ్డించింది. దానయ్య తల వంచుకుని కూర్చున్నాడు. పిల్ల కంచం ముందు చేతులు జోడించబోయి ఆగింది. జరిగింది దేనివల్లో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిపోయింది.

"అమ్మా, ఇంట్లనన్న కండ్లు మూసుకోవచ్చునా?"

రాహేలు లేచి తలుపు వేసింది. గొళ్లెం కూడా పెట్టింది. "ఇగ మూసుకో బిడ్డా" అంది.

పిల్ల గొళ్లెం వంక చూసింది, తల్లి వంక చూసింది. "వద్దు తియ్యమ్మా" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

రాహేలు ఒక్కతే కళ్లు మూసుకుంది. చిన్ననాటి నుంచీ చెప్పుకుంటున్న ఆ ప్రార్థనలో ఒక్క మాట కూడా ఆమె నోటికి రాలేదు.