అవ్వ వెతికిన గుండె

దసరా సెలవులు అయిపోయి గూళూరు హైస్కూలు తెరిచిన రోజే ఆశ తన అవ్వ చిక్కమ్మను చెయ్యి పట్టుకుని తొమ్మిదో తరగతి గదిలోకి లాక్కొచ్చింది. అవ్వ గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. ఆపరేషన్ చేయాలని చిక్కబళ్ళాపురం డాక్టరు చెప్పి నెలయింది. అవ్వ వింటేగా! "గుండెలోనే కదే ప్రాణముండేది. కోస్తే ఎగిరిపోతాది" అని మొండికేసింది. ధనుంజయ మేష్టారు ట్యాబులో గుండెను బల్ల మీద నిలబెట్టి చూపిస్తారని తెలిసినప్పటి నుంచి ఆశకు కాలు నిలవలేదు. కళ్ళారా చూస్తే అవ్వ ఒప్పుకుంటుంది, అంతే!

మేష్టారు గుండె బొమ్మ అట్టను బల్ల మీద పెట్టి, ట్యాబు కెమెరాను దాని మీదికి తిప్పారు. కెమెరా బొమ్మను గుర్తుపడితే ట్యాబు తెరలో, బల్ల మీదే ఉన్నట్టు గుండె లేచి నిలబడాలి. ఊహూ, ఏమీ లేవలేదు.

"ఈ అట్టకు కుంకం పెట్టిందెవురు?" అన్నారు మేష్టారు.

ఇంకెవరు, మన ఆశే! సెలవులకు ముందు బడిలో ఆయుధపూజ చేసినప్పుడు ట్యాబుతో పాటు అట్టలన్నిటికీ భక్తిగా విభూతి పట్టెలు లాగి, నడిమధ్యన ఇంత కుంకుమ అద్దింది. బొమ్మ కనపడకపోతే కెమెరా ఏం గుర్తుపడుతుంది? గబగబా తడిగుడ్డతో తుడిచింది. బొమ్మ కాస్తా ఎర్రముద్ద అయింది. పిల్లలు గొల్లుమన్నారు.

"పోదాం పద పాపా, మేకలుండాయి" అని అవ్వ లేచింది. ఆశకు ఏడుపొచ్చేసింది.

"కూచోమ్మా, పోవద్దు!" అంటూ మేష్టారు అదే బొమ్మను తన ఫోనులో తెరిచి బల్ల మీద పెట్టి, ట్యాబు కెమెరాను దాని మీదికి తిప్పారు.

అబ్బా! ట్యాబులో బల్ల మీద ఇంత గుండె లేచి కొట్టుకోసాగింది. "ఓయమ్మో!" అవ్వ ట్యాబు పక్క నుంచి తొంగి చూసింది. బల్ల మీద ఉత్త ఫోనే. మళ్ళీ ట్యాబులో చూసింది. గుండె! మేష్టారు వేలితో తాకితే అది విచ్చుకుని లోపలి తలుపులు కనిపించాయి. ఒక తలుపు సరిగ్గా పడక నెత్తురు వెనక్కి జారుతోంది.

"నీకూ ఇట్లే అవుతాండాది అవ్వా!" అంది ఆశ.

"మన బావి మోటారు ఫుట్‌వాల్వు సరిగా పడక నీళ్ళు వెనక్కి పోయినట్టుండాదే!" అని అవ్వ ట్యాబు లాక్కుని బల్ల చుట్టూ తిరిగింది. గుండె వెనకా, కిందా, గదుల లోపలా దేనికోసమో వెతికింది.

"ఏం వెతుకుతాండావవ్వా?"

అవ్వ మేష్టారి వైపు తిరిగింది. "ప్రాణం యాడుండాదప్పా దీంట్లో?"

మేష్టారు తడబడ్డారు. "యాడా కనపడదమ్మా. లోపలుండేది నెత్తురూ, తలుపులే."

అవ్వ ఇంకోసారి లోపలంతా కలియజూసింది. ఆమె మొహం విప్పారింది.

"అయితే కొయ్యనీలే పాపా! ఊరికే భయపడితిని. రేపే పోదాం."